జూలవ్వని ఎత్తే రాళ్లు

అనగనగా ఒక అడవిలో నీళ్లు కింద, నోళ్లు పైన ఉండేవి.

నవ్వకండర్రా, నిజమే చెబుతున్నాను. ఆ అడవంతా ఒక ఎర్రమట్టి గుట్ట మీద ఉండేది. నీళ్లేమో గుట్ట పక్కన లోతైన వాగులో ఉండేవి. వానాకాలంలో పరవాలేదు, ఎక్కడికక్కడ గుంటలు నిండేవి. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం చీమ దగ్గర్నుంచి దుప్పి దాకా అందరూ ఆ వాగులోకి దిగాల్సిందే. కడుపునిండా తాగి మళ్లీ ఎక్కాల్సిందే. దిగడం తేలికే. ఎక్కేసరికి మాత్రం తలప్రాణం తోకకొచ్చేది.

ఆ అడవిలో జూలవ్వ అని ఒక ముసలి ఎలుగుబంటి ఉండేది. మెడ చుట్టూ ఇంత జూలు, అంతకన్నా పెద్ద పొట్ట. అడవిలో ఎవరికి బిడ్డ పుట్టినా మొదటి తేనెచుక్క నాకించేది ఆమే. "నా చేతి తేనె నాకని నాలుక ఈ అడవిలో ఉందా?" అని అడిగేది. ఎక్కడుంటుంది? అందరికీ ఆమె అవ్వే.

పాపం, జూలవ్వకి మోకాళ్లు పట్టేశాయి. వాగులోకి దిగడానికి ఇబ్బంది లేదు. గట్టు పక్కన నున్నటి మట్టిజారుడు ఒకటి ఉంది. దాని మీద కూలబడి, "తప్పుకోండర్రోయ్!" అని అరుస్తూ సర్రున జారేది. ఎక్కడమే కుదిరేది కాదు. ఎలుగుబంటిని ఎవరు మొయ్యగలరు?

అప్పుడు పెంకులయ్య ఒక ఉపాయం పన్నాడు. పెంకులయ్య అంటే అలుగు. ఒళ్లంతా పెంకులుండి, భయమేస్తే బంతిలా చుట్టుకుపోయే జంతువు. గట్టు అంచున ఒక నల్లమద్ది చెట్టుంది. దాని కొమ్మ ఒకటి వాగు మీదికి సాగి ఉంది. ఆ కొమ్మ మీదుగా ఒక పొడవాటి అడ్డతీగ వేశాడు. తీగకి ఈ కొసన ఒక బుట్ట, ఆ కొసన ఒక బుట్ట కట్టాడు. ఒక బుట్ట పైన గట్టు దగ్గరుంటే, రెండోది కింద నీళ్ల పక్కన ఉంటుంది. పైది దిగితే కిందిది ఎక్కుతుంది. పైబుట్టలో రాళ్లు, కిందిబుట్టలో జూలవ్వ. తీగ జారిపోకుండా చెట్టు మొదట్లో ఒక కొయ్యచీల; రాళ్లబుట్ట పైనున్నప్పుడే అది పట్టేది. చీల తీస్తే రాళ్లు దిగుతాయి, అవ్వ ఎక్కుతుంది. అంతే!

"బాగానే ఉంది కానీ, పైన రాయన్నదే లేదుగా! అంతా మట్టే. రాళ్లన్నీ వాగులోనే ఉన్నాయి" అంది చారలమ్మ అనే ఉడుత.

"అందుకే ఒక కట్టుబాటు పెట్టుకుందాం. నీళ్లకి దిగినవాళ్లు ఎక్కేటప్పుడు ఎవరికి చాతనైనంత రాయి వాళ్లు తెచ్చి పైబుట్టలో వెయ్యాలి" అన్నాడు పెంకులయ్య.

అందరూ సరేనన్నారు. దుప్పి తన కొమ్ముల మధ్య గుండ్రాయి ఇరికించుకుని తెచ్చేది. చారలమ్మ బుగ్గన గులకరాయి పెట్టుకుని తెచ్చేది. చీమలు కూడా తలా ఒక ఇసుకరేణువు పట్టుకుని బారులుతీరేవి. పొద్దుటి నుంచీ వేస్తే మధ్యాహ్నంలోపే బుట్ట నిండేది. మధ్యాహ్నం జూలవ్వ సర్రున జారి, చల్లగా నీళ్లు తాగి, ఓ మునక వేసి, కిందిబుట్టలో దర్జాగా కూర్చునేది. "పెంకులూ, చీల తియ్యి నాయనా!" అని కేకేసేది. పెళ్లికూతురు పల్లకీలో వచ్చినట్టు మెల్లగా, హాయిగా పైకొచ్చేది. తర్వాత కింద చేరిన రాళ్లని వాగులోకి ఒంపేసి, ఖాళీ బుట్టని పైకి లాక్కునేవాళ్లు. మర్నాడు మళ్లీ మామూలే.

అందరూ రాళ్లు తెచ్చేవాళ్లే, ఒక్క చెంగప్ప తప్ప.

చెంగప్ప ఒక కొండముచ్చు. పొడుగు తోక, నల్లమొహం, కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని వీపు మీద ఎక్కించుకుని పెంచింది జూలవ్వే. అవ్వంటే అతనికి ప్రాణం. ఆమెకి పండ్లు కోసి తెస్తాడు, వీపు గోకుతాడు, పేలు చూస్తాడు. కానీ రాయి మొయ్యమంటే మాత్రం చిర్రెత్తుకొస్తుంది.

"నేను మూడు గంతుల్లో గట్టెక్కుతాను. రాయి పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది. గెంతే కొండముచ్చు కాస్తా పాకే కొండముచ్చు అవుతుంది. నా వల్ల కాదు తాతా!" అన్నాడు పెంకులయ్యతో.

"ఒరేయ్, అందరూ మోస్తున్నారు కదరా."

"మొయ్యనీ. అయినా ఆ రాళ్లలో ఏముందని? ఊపిరి లేదు, ఉలుకు లేదు. ఊరికే అలా పడుంటాయి."

పెంకులయ్యకి కోపం రాలేదు. ఒక వెలగపండు తెచ్చి నేల మీద పెట్టాడు. దాని మీద ఒక రాయి మెల్లగా ఆనించాడు. పండుకి ఏమీ కాలేదు.

"ఇప్పుడు ఆ రాయి తీసుకుని కొమ్మెక్కి, పండు మీద పడేలా వదులు" అన్నాడు.

చెంగప్ప వదిలాడు. రాయి వచ్చి ఫట్‌మని పండుని రెండు చెక్కలు చేసింది.

"రాయి అదే, పండు అదే. మరి ఇందాక లేని బలం ఇప్పుడెక్కడిదిరా?"

"కొమ్మ ఎత్తుగా ఉందిగా!"

"ఆ ఎత్తుకి దాన్ని ఎవరు తీసుకెళ్లారు? నువ్వేగా. నువ్వు పైకి మోసిన కష్టమంతా రాయిలో దాక్కుని కూర్చుంది. వదలగానే కదలికై బయటికొచ్చింది. బుట్టలో ఉన్నవి ఉత్త రాళ్లు కావురా. అందరూ ఎక్కిన ఎక్కుడంతా అందులో దాచి ఉంది. అర్థమైందా?"

"ఓ, అయింది" అన్నాడు చెంగప్ప, వెలగపండు గుజ్జు నాక్కుంటూ. ఏమర్థమైంది? పండు తియ్యగా ఉందని అర్థమైంది.

కానీ ఒక్క మాట మాత్రం అతని బుర్రలో పురుగులా తొలిచింది. అవ్వంత అవ్వనే ఎత్తే బుట్ట, నన్ను ఎత్తితే ఎలా ఉంటుంది?

మర్నాడు పొద్దు బారెడెక్కేసరికి రాళ్లబుట్ట నిండింది. పెంకులయ్య చీల పక్కనే చుట్టుకుని పడుకున్నాడు. అలుగులు రాత్రంతా తిరిగి పగలు నిద్రపోతాయి కదా. చెంగప్ప కిందికి దిగి, అవ్వ బుట్టలో కూర్చున్నాడు. పైనున్న తోటి కొండముచ్చుకి సైగ చేశాడు. వాడు చీల లాగేశాడు.

అబ్బో! ఏమని చెప్పను! రాళ్లు ధనధనమని కిందికొచ్చాయి. చెంగప్ప సుయ్యిమని పైకి లేచాడు. గాలి చెవుల్లో హోరెత్తింది. బుట్ట కొమ్మని తాకి ఆగింది కానీ చెంగప్ప ఆగలేదు. బుట్టలోంచి ఎగిరి, కొమ్మ దాటి, చెట్టు చివర చిటారుకొమ్మల్లో వెళ్లిపడ్డాడు. తల కిందికి, తోక పైకి. ఆ స్థితిలోనే పకపకా నవ్వాడు. ఇంత సరదా పుట్టి ఎరగడు.

పెంకులయ్య ఉలిక్కిపడి లేచాడు. రాళ్లన్నీ కిందున్నాయి. ఎండ మండుతోంది. పాపం, అడవి జనమంతా మళ్లీ దిగి, మళ్లీ రాళ్లు మోశారు. చారలమ్మకి బుగ్గలు వాచాయి. జూలవ్వ పొద్దుగుంకేదాకా వాగులోనే కూర్చుంది.

"చూశావా చెంగప్పా? అవ్వ బరువుకి సరిపడా దాచిందంతా నీ ఒక్క పిడికెడు ఒంటి మీద పడితే, బాణంలా ఎగరక ఏం చేస్తావు? అది ఆటకి దాచింది కాదురా" అన్నాడు పెంకులయ్య.

"ఇంకెప్పుడూ చెయ్యను తాతా" అన్నాడు చెంగప్ప. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు, నేను ఒప్పుకుంటాను. కానీ నాలుగు రోజులు గడిచేసరికి ఆ సుయ్యిమన్న గాలి మళ్లీ గుర్తొచ్చింది.

రెండోసారి ఇద్దరు స్నేహితుల్ని కూడా ఎక్కించుకున్నాడు. ముగ్గురూ ఎగిరి ముళ్లపొదలో పడ్డారు. ఒంటినిండా ముళ్లు, మొహం నిండా నవ్వు. అందరూ వచ్చి అడిగితే, "గాలికి చీల ఊడిందేమో!" అన్నాడు చెంగప్ప. ఆకు కూడా కదలని ఎండలో గాలట! ఎవరూ నమ్మలేదు. అయినా పాపం, మళ్లీ మోశారు. జూలవ్వ కోసం కదా. ఈసారి మాత్రం చారలమ్మ చెంగప్పతో మాట్లాడటం మానేసింది.

మూడోసారి సంగతి వినండి. ఇదే అసలు సంగతి.

ఆ రోజు తూరుపు కొండల మీద నల్లటి మబ్బు పట్టింది. ఎక్కడో దూరాన ఉరిమింది. ఇక్కడ చినుకు పడలేదు కానీ ఎండ తగ్గి హాయిగా ఉంది. బుట్ట నిండుగా ఉంది. పెంకులయ్య గుర్రుపెడుతున్నాడు. నీళ్లు తాగి రాళ్లు వేసినవాళ్లంతా మేతకి పోయారు.

"అవ్వ రావడానికి ఇంకా బోలెడు పొద్దుంది" అన్నాడు చెంగప్ప తన మూకతో. "ఒక్కసారి ఎగురుదాం. వెంటనే మనమే రాళ్లన్నీ మోసి బుట్ట నింపేద్దాం. ఎవరికీ తెలియదు. ఈసారి నేను కూడా మోస్తాను, ఒట్టు!"

మూక ఊఁ అంది. ఎగిరారు, పడ్డారు, నవ్వారు. రాళ్లు వాగులోకి ఒంపేశారు. ఖాళీ రాళ్లబుట్టని గట్టు మీదికి లాక్కుని, చీల బిగించారు. చెప్పినట్టే రాళ్ల కోసం దిగబోతుండగా చింతచెట్టు మీద పండిన కాయలు కనబడ్డాయి.

"రెండు కాయలు తిని దిగుదాం" అన్నాడు చెంగప్ప.

రెండు కాయలు ఇరవై అయ్యాయి.

ఎండ లేదు కదా అని ఆ రోజు జూలవ్వ పెందలాడే బయల్దేరింది. "తప్పుకోండర్రోయ్!" అని సర్రున జారింది. నీళ్లు తాగింది. కిందిబుట్టలో కూర్చుంది. "పెంకులూ, చీల తియ్యి నాయనా!" అంది.

పెంకులయ్య లేచి, కళ్లు నులుముకుంటూ చీల తీశాడు.

బుట్ట కదల్లేదు.

పెంకులయ్య రాళ్లబుట్టలోకి తొంగిచూశాడు. అడుగున నాలుగు ఇసుకరేణువులు తప్ప ఏమీ లేవు. అంతలో వాగు పైనుంచి హోరుమని శబ్దం వచ్చింది. తూరుపు కొండల్లో కురిసిన వాన ఎర్రటి నురగలు కక్కుతూ వాగులో దిగి వస్తోంది.

"వాగు పొంగిందర్రోయ్! అవ్వ కిందుంది!" అని అరిచాడు పెంకులయ్య.

చింతచెట్టు మీద చెంగప్ప చేతిలోంచి కాయ జారిపోయింది. ఒక్క గంతులో గట్టు అంచుకొచ్చి చూశాడు. నీళ్లు అప్పుడే అవ్వ బుట్టని తాకుతున్నాయి. అవ్వ తీగ పట్టుకుని పైకే చూస్తోంది. అరవడం లేదు. ఎవరో ఒకరు చీల తీస్తారని నమ్మకంగా కూర్చుంది. ఆ నమ్మకం చూసి చెంగప్ప గట్టు దిగబోయాడు.

"తాతా! రాళ్లు! రాళ్లు తెస్తాను!"

"ఎక్కడి నుంచి తెస్తావురా? రాళ్లన్నీ నీళ్ల కింద ఉన్నాయి" అన్నాడు పెంకులయ్య. "పైన బరువైంది ఒక్కటీ లేదు. అంతా మట్టి, ఎండుటాకులు."

చెంగప్ప అటు చూశాడు, ఇటు చూశాడు. నిజమే, పైన బరువైంది ఒక్కటీ లేదు. ఉన్నది తను, తన మూక. పొద్దున వాగులోకి దిగి, తాగి, మూడు గంతుల్లో పైకొచ్చినవాళ్లు. రాళ్లని ఎవరో ఎక్కించాలి. వీళ్లు తమంతట తామే ఎక్కారు. అయితే ఆ ఎక్కుడంతా ఎక్కడుంది? వీళ్ల ఒంట్లోనే ఉంది!

"ఒరేయ్, అందరూ రాళ్లబుట్టలోకి దూకండి!" అని అరిచాడు. "రాళ్లు లేకపోతేనేం? మనమే రాళ్లు!"

తనే ముందు దూకాడు. వెనకాలే ఒకడు, ఇంకొకడు, మరొకడు. ఆరుగురు ఎక్కినా బుట్ట కదల్లేదు. ఎనిమిదిమంది ఎక్కారు. తీగ కిర్రుమంది. పదోవాడు దూకగానే బుట్ట మెల్లగా కిందికి జారింది. కింద జూలవ్వ బుట్ట నీళ్లలోంచి పైకి లేచింది. దారి మధ్యలో రెండు బుట్టలూ ఎదురుపడ్డాయి.

"ఏంట్రా చెంగప్పా, అందరూ కలిసి ఎక్కడికి?" అంది అవ్వ ఆశ్చర్యంగా.

"తర్వాత చెబుతానవ్వా!" అన్నాడు చెంగప్ప.

అవ్వ పైకి చేరింది. కొండముచ్చుల బుట్ట నీళ్లలోకి దిగింది. అబ్బ, ఎంత చల్లటి నీళ్లో! ఎంత జోరో! నడుం దాకా వచ్చాయి. ఒకడు భయపడి గట్టులోంచి పొడుచుకొచ్చిన చెట్టువేళ్ల మీదికి గెంతేశాడు. అంతే, పైన అవ్వ బుట్ట ఒక్కసారి మూరెడు కిందికి జారింది. "అమ్మో!" అని అవ్వ కేక.

"ఎవరూ గెంతకండి! మనం కదిలితే అవ్వ పడిపోతుంది. అవ్వ దిగేదాకా రాళ్లలా కూర్చోండి!" అని అరిచాడు చెంగప్ప. గెంతినవాడు సిగ్గుపడి మళ్లీ బుట్టలోకి దూకాడు. అవ్వ మళ్లీ గట్టు ఎత్తుకి వచ్చింది.

పుట్టి బుద్ధెరిగాక చెంగప్ప కదలకుండా కూర్చున్నది అదే మొదటిసారి. నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి. కాళ్లు గెంతు గెంతు అని పీకుతున్నాయి. వేళ్లు చేతికందేంత దగ్గర్లో ఉన్నాయి. ఒక్క గంతు వేస్తే తను బతుకుతాడు. అతను తీగని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, "నేను రాయిని, నేను రాయిని" అనుకున్నాడు.

పైన జూలవ్వకి మోకాళ్ల నొప్పులు కదా, తొందరపడడం చాతకాదు. ఒక కాలు గట్టు మీద పెట్టింది. ఆయాసపడింది. ఆపాటికి అరుపులు విని మేతకి పోయినవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. పెంకులయ్య ముందు నుంచి లాగాడు, దుప్పి బుట్టని కొమ్ములతో గట్టుకి ఆనించి పట్టుకుంది, చారలమ్మ "ఇంకొక్కటి అవ్వా, ఇంకొక్క కాలు!" అని ఎగిరెగిరి అరిచింది. రెండో కాలు పెట్టింది. ఆ పెద్ద పొట్ట బుట్ట అంచున ఇరుక్కుంది. మళ్లీ లాగారు. చివరికి జూలవ్వ దబ్బుమని గట్టు మీద పడింది.

"దిగింది! అవ్వ దిగింది!" అని అడవంతా అరిచింది.

"ఇప్పుడు గెంతండి!" అన్నాడు చెంగప్ప.

తొమ్మిదిమందీ వేళ్లు పట్టుకుని పైకి పాకారు. అందరి వెనకా చెంగప్ప గెంతాడు. అతను గెంతిన మరుక్షణమే పెద్ద దుంగ ఒకటి కొట్టుకొచ్చి బుట్టని తీసుకుపోయింది.

గట్టు మీద ఎంత గోల, ఎంత సంబరం! దుప్పి చిందులేసింది. కుందేళ్లు ఒకదాని మీదొకటి పడి దొర్లాయి. జూలవ్వ తడిసి ముద్దయిన చెంగప్పని జూలులోకి లాక్కుని గట్టిగా వాటేసుకుంది. "నా బంగారు తండ్రీ, నా ప్రాణం కాపాడావురా!" అంది.

చెంగప్ప ఆ జూలులోంచి తల బయటికి పెట్టాడు. మౌనంగా ఉంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"కాదవ్వా. బుట్ట ఖాళీ చేసింది నేనే. అంతకుముందు ముళ్లపొదలో పడ్డప్పుడు కూడా నేనే. గాలి కాదు" అని బావురుమన్నాడు.

అందరూ అవ్వ మొహం వైపు చూశారు.

"ఎగరడం బాగుంటుందా?" అని అడిగింది జూలవ్వ.

చెంగప్ప ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకున్నాడు. "చాలా బాగుంటుందవ్వా" అన్నాడు, అబద్ధం చెప్పలేక.

జూలవ్వ పొట్ట కదిలేలా నవ్వింది. "అయితే ఎగరండర్రా! ఎవరొద్దన్నారు? ఎగరడానికి మీ బుట్ట మీరు నింపుకోండి. నా కోసం చీమ మోసిన ఇసుకతో కాదు."

వాగు తగ్గాక చెంగప్ప మూక కొత్త బుట్టలు అల్లింది. మొదటి రోజు చెంగప్ప తన తలంత రాయి ఎత్తుకున్నాడు. ఒక చెయ్యి పోయింది. మూడు గంతుల దారి ముప్పై అడుగుల పాకుడయింది. దారిలో చారలమ్మ ఎదురొచ్చి, అతని అవస్థ చూసి, "బరువా తమ్ముడూ?" అంది. ఎన్నాళ్లకో మాట్లాడింది. "బరువే అక్కా!" అని చెంగప్ప పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. నడుం నొప్పెట్టింది, అరచేతులు కందిపోయాయి. రాయి బుట్టలో వేసి ఉస్సురని కూలబడ్డాడు.

మధ్యాహ్నం పెంకులయ్య చీల అతని చేతికే ఇచ్చాడు. చెంగప్ప మెల్లగా తీశాడు. రాళ్లు దిగుతున్నాయి, అవ్వ ఎక్కుతోంది. పొద్దున తన నడుం పడ్డ నొప్పే ఇప్పుడు అవ్వని పైకి తెస్తోందని అతనికి తెలిసింది. ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ ఆనందం ముందు చిటారుకొమ్మదాకా ఎగిరిన ఆనందం కూడా చిన్నదే అనిపించింది.

అలాగని ఎగరడం మానేశాడనుకున్నారా? భలేవారే! ప్రతి పున్నమి నాటి పొద్దున చెంగప్ప మూక తమ రాళ్లు తామే మోసి తమ కోసం వేరే రాళ్లబుట్ట నింపేది. చుట్టూ అడవి చేరి ఈలలు వేసేది. చారలమ్మ చీల లాగేది. జూలవ్వ తేనెపట్టు చేతిలో పట్టుకుని, "ఎత్తుగా ఎగిరినవాడికి పెద్ద ముక్క!" అని కేకేసేది.

నీతి: కష్టపడి ఎక్కించిన ప్రతి బలమూ కదలడానికి సిద్ధంగా దాగి ఉంటుంది, పదిమంది ఒకరి కోసం దాచినదాన్ని మన సరదాకి వదిలెయ్యకూడదు, మన సరదాకి కావలసింది మనమే మోసుకోవాలి.